ముందు వైరు పీకు, తర్వాత నాన్నకి చెప్పు

జగ్గయ్యపేట,
2023 ఫిబ్రవరి 12, ఆదివారం

చిట్టితల్లీ,

రాత్రి పదకొండింటికి నీ ఫోన్ మోగేసరికి మీ నాన్నకేమన్నా అయిందేమోనని నా గుండె దడదడలాడింది. నీ ఏడుపులో సగం మాటలు నాకు అందలేదు. అందినవాటిలో మూడు మాత్రం తెల్లవార్లూ చెవిలో తిరుగుతూనే ఉన్నాయి. "ఫైళ్లన్నీ పోయాయత్తా" అన్నావు. "నాన్నకి చెప్పొద్దు" అన్నావు. ఫోన్ పెట్టేసే ముందు, గొంతు బాగా తగ్గించి, "నా దిద్దులు పెడితే నలభై వేలు వస్తాయా?" అని అడిగావు.

ఆ దిద్దుల మాటకే నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, కాయితం మీద ఉంటే ఒక్కో పనీ చేసుకుంటూ పోవచ్చు. పైగా ఇందులో ఒక సంగతి ఉంది, అది నేను నోటితో చెప్పలేను. మా పక్కింటి కుర్రాడు రేపు పొద్దున ఏడింటి బస్సుకి నందిగామ కాలేజీకి వస్తున్నాడు, అతని చేతికిస్తాను. మీ నాన్న మిర్చి లోడుతో గుంటూరు వెళ్లాడు, మంగళవారం గానీ రాడన్నావు కదా. ఈలోపు చెయ్యాల్సినవి చేద్దాం.

ముందు కంప్యూటర్ సంగతి. రాత్రే నీ చేత ఇంటర్నెట్ వైరు పీకించాను, కరెంటు స్విచ్చి కట్టించాను. అది అలాగే ఉండనీ. ఏమైందో ఒకసారి చూద్దామని మళ్లీ ఆన్ చెయ్యకు. నీ ఫోన్ గానీ, స్నేహితురాలి పెన్‌డ్రైవ్ గానీ దానికి తగిలించకు. ఫార్మాట్ కొట్టిస్తే పోతుందని ఎవరైనా అంటారు. నిజమే, వైరస్ పోతుంది. మనం తిరిగి తెచ్చుకోగలిగినవి కూడా దాంతోపాటే పోతాయి. ఆ రీడ్‌మీ అన్న ఫైలు చూస్తేనే ఒళ్లు మండుతోందన్నావు, దాన్ని కూడా చెరపకు. మన కంప్యూటర్‌కి ఆ దొంగలు పెట్టిన ఐడీ అందులోనే ఉంది, దాంతో మనకు పని పడుతుంది.

నువ్వు పంపిన ఫొటోలు రెండుసార్లు చూశాను. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంపర్థం లేని నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే ఉత్తరం. 980 డాలర్లు కట్టాలట, మూడు రోజుల్లో కడితే సగానికి సగం, 490 చాలట. ఈ అంకెలు, ఈ ధోరణి చూస్తే ఇది స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ జాతిది. 2018 చివర్నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. ఆస్పత్రులకీ పెద్ద కంపెనీలకీ గురిపెట్టే ముఠాలు వేరు. ఇది ఇళ్ల మీద పడేది. చదువుకునే పిల్లల కంప్యూటర్లు, చిన్న షాపుల కంప్యూటర్లు, పెళ్లి ఫొటోలూ మార్కుల లిస్టులూ ఉన్న కంప్యూటర్లు దీనికి మేత.

నువ్వు చెప్పిన వరస కూడా అచ్చం దాని వరసే. ప్రాజెక్టు వీడియో కోసం డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇస్తామంటే దించుకున్నావు. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చెయ్యమని రాసుంటే ఆపావు. తర్వాత విండోస్ అప్‌డేట్ అవుతోందని ఒక పెట్టె కనపడింది, కంప్యూటర్ నెమ్మదించింది, అప్‌డేట్ కదా అని నువ్వు అన్నం తినడానికి లేచి వెళ్లావు. ఆ అప్‌డేట్ పెట్టె ఉత్త బొమ్మ. దాని వెనక నుంచి ఫైళ్లకు ఒక్కొక్కదానికీ తాళం పడుతోంది. నువ్వు అన్నం తిని వచ్చేసరికి పని అయిపోయింది.

దీని లోపలి కథ తెలుసుకో, భయం కొంత తగ్గుతుంది. ఈ వైరస్ లోపలికి రాగానే తన యజమాని సర్వర్‌కి కబురు పెట్టి, మన ఒక్క కంప్యూటర్‌కే పనికొచ్చే తాళంచెవి తయారు చేయించుకుంటుంది. ఆ చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది, మన దగ్గర ఉండదు. ఒక్కోసారి నెట్ లేకో, సర్వర్ పలక్కో కబురు అందదు. అప్పుడు తనతో తెచ్చుకున్న ఒకే చెవిని వాడుతుంది. అలాంటప్పుడు ఆ రీడ్‌మీలో ఐడీ చివర ఇంగ్లీషు టీ అక్షరం, ఒకటి అంకె ఉంటాయి. అదే గనక అయితే ఎమ్సీసాఫ్ట్ అనే కంపెనీ ఉచితంగా ఇచ్చే విడిపించే సాధనం ఉంది, ఇవాళో రేపో తాళం తెరుచుకునే అవకాశం ఉంది. నువ్వు పంపిన ఫొటోలో ఐడీ చివరి ముక్క తెగిపోయింది. నీకు లేనిపోని ఆశ పెట్టను. ఆ సమయానికి మీ ఇంట్లో నెట్ ఉంది కాబట్టి వేరే చెవే పడి ఉంటుందని నా అనుమానం. అయినా చూడందే ఏదీ చెప్పలేం.

డబ్బు మాత్రం కట్టొద్దు. 490 డాలర్లంటే ఈ లెక్కన నలభై వేల పైమాట. కట్టినా చెవి ఇస్తారన్న పూచీ లేదు, కట్టేవాళ్లని తెలిశాక మళ్లీ అడగరన్న పూచీ అసలే లేదు. నలభై వేలంటే మిరపకాయ కోతలకొచ్చే ఆడవాళ్లకి మీ నాన్న ఎన్ని రోజుల కూలీ ఇస్తాడో నువ్వే లెక్కేసుకో. ఆ డబ్బుతో వాళ్లు రేపు ఇంకొక పిల్లని ఇలాగే ఏడిపిస్తారు. మేం రికవరీ చేసిస్తాం, ముందు సగం పంపండి అనేవాళ్లు కూడా తగుల్తారు, వాళ్ల నంబర్లు నొక్కకు. నీ దిద్దులు నీ చెవులకే ఉండాలి. అవి మా అమ్మ తన చేతులతో నీకు పెట్టినవి.

పోలీసులకి ఫిర్యాదు ఇద్దాం. 1930కి ఫోన్ చెయ్యొచ్చు, కేంద్రం వాళ్ల సైబర్ క్రైమ్ పోర్టల్లో రాసి పెట్టొచ్చు, నందిగామ స్టేషన్లోనూ ఇవ్వొచ్చు. ఫైళ్లు రేపే తిరిగొస్తాయని కాదు. ఇలాంటివి ఎన్ని ఇళ్లలో జరిగాయో లెక్క తేలాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఈ ఉత్తరం చేతికందగానే ఇంకో పని. ఈ జాతి వైరస్ ఒంటరిగా రాదు, పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామును చాలాసార్లు వెంటబెట్టుకుని వస్తుంది. ఆ కంప్యూటర్లో నువ్వు తెరిచిన ప్రతి ఖాతా పాస్‌వర్డూ నీ ఫోన్ నుంచి మార్చు. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత కాలేజీ. మెయిల్‌కి రెండో తాళం కూడా పెట్టు, ఓటీపీ వచ్చేట్టు. మీ నాన్న బ్యాంకు ఖాతా ఆ కంప్యూటర్లో ఎప్పుడన్నా తెరిచారా? తెరిచి ఉంటే, ఆయనకి చెప్పకుండా ఆ పాస్‌వర్డు ఎలా మారుస్తావు తల్లీ?

అందుకే రెండో మాటకి వస్తున్నాను. నేను నోటితో చెప్పలేనన్న సంగతి ఇదే.

బస్టాండు దగ్గర నా జిరాక్సు, డీటీపీ షాపు నీకు లీలగా గుర్తుండొచ్చు. 2009 మాఘమాసం. పెళ్లి కార్డుల రోజులు, తిరుపతమ్మ తిరునాళ్ల కరపత్రాలు, రెండు కంప్యూటర్లూ రాత్రి పదింటిదాకా ఆగేవి కావు. ఒక కుర్రాడు స్కాలర్‌షిప్ దరఖాస్తు ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. అప్పట్లో మా విండోస్ ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ఆటోరన్ అనే చిన్న ఫైలు ఎవరూ నొక్కకుండానే తనంతట తను లేచి కూర్చునేది. ఆ ఆటోరన్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌పీలో ఆపించింది ఇంకో రెండేళ్లకి, 2011లో. ఆ సాయంత్రానికి నా సిస్టంలో ఫోల్డర్లన్నీ వింతగా తయారయ్యాయి. చూడ్డానికి ఫోల్డర్ బొమ్మే, నొక్కితే లోపల ఏమీ లేదు. ఆ బొమ్మ వేసుకున్నది వైరస్ ప్రోగ్రాము.

నాకు తెలిసిపోయింది. తెలిసీ నాలుగు రోజులు షాపు మూయలేదు, ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్ల సీజన్లో "ఆవిడ షాపులో వైరస్ ఉందట" అన్న మాట పుడితే పక్క షాపు నిండిపోతుందని భయం. ఆ నాలుగు రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవూ దాన్ని మోసుకుని ఇంటికి వెళ్లింది. ఎన్ని ఇళ్లకి వెళ్లిందో నాకు ఈరోజుకీ తెలియదు.

రెండో రోజున మాస్టారు వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన సొంతూరు పులిచింతల ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊళ్లలో ఒకటి, నల్గొండ వైపు. నీళ్లు రాకముందే ఊరిని కాయితం మీద నిలబెట్టాలని ఆయన పట్టు. ఏ వీధిలో ఎవరి ఇల్లు, ఆ ఇంటి ముందు ఏ చెట్టు, ఆ ఇంట్లో ఎవరు పుట్టి ఎవరు పోయారు, ఇలా ఇంటింటికీ రాసుకొచ్చారు. మూడొందల చిల్లర ఇళ్లు. నేను ఎనిమిది నెలల నుంచి కొంచెం కొంచెంగా టైపు చేస్తున్నాను. ఆయనకి మన ధనంబోడు స్తూపం మీద మమకారం ఎక్కువ. 1882లో బర్జెస్ దొర ఆ దిబ్బ చూసి తవ్వించి, రాళ్ల మీది బొమ్మలూ రాతలూ 1887లో పుస్తకంగా అచ్చేశాడు కాబట్టే మాంధాత చక్రవర్తి శిల్పం మన ఊరిదని లోకానికి తెలిసిందనీ, తన ఊరికి కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉండాలనీ చెబుతుండేవారు.

ఆయన పెన్‌డ్రైవ్ నా సిస్టంకి పెట్టారు. ఫోల్డర్ నొక్కితే ఖాళీ. "ఏమ్మా, ఏదీ కనపడదేం?" అన్నారు. ఎదురుగా నలుగురు కార్డుల వాళ్లు నిలబడి ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఎలాగోలా ఆ వైరస్‌ని ఆయన కంట పడకుండా తీసెయ్యాలన్నదొక్కటే నా ఆలోచన. రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ నొక్కాను. పది సెకన్లు కూడా పట్టలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా అని షాపు సిస్టంలో ఉన్న ప్రతిని అంతకు వారం ముందే చోటు కోసం తీసేసి ఉన్నాను. ఆ సంగతి ఫార్మాట్ అయ్యాక గుర్తొచ్చింది. "వైరస్ తినేసింది మాస్టారూ" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు విజయవాడ నుంచి సిస్టం బాగుచేసే అబ్బాయి వచ్చాడు. నల్ల తెర మీద ఒక్క లైను టైపు చేశాడు. నా ఫోల్డర్లన్నీ ఉన్నచోటనే కనపడ్డాయి, ఒక్క అక్షరం పోలేదు. ఆ వైరస్ దేన్నీ తినలేదట. అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి స్థానంలో తన బొమ్మలు పెట్టిందట, అంతే. మాస్టారి ఊరు కూడా ఆ పెన్‌డ్రైవ్‌లో అలాగే దాక్కుని ఉంది, నేను తుడిచేసేదాకా.

ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. ఒకరోజు వాళ్లింటికి వెళ్లి, వరండాలో నిలబడే చెప్పేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపాగి, "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. "నా చిత్తు కాయితాలు అప్పటికింకా ఇంట్లోనే ఉన్నాయి. ఎలాగూ వైరస్ తినేసింది, మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదని మొన్న దసరాకి పాత కాయితాలవాడికి వేసేశాను."

చిట్టితల్లీ, ఆ వాక్యం నాలో ఎక్కడ గుచ్చుకుందో నీకు తెలియాలనే ఇదంతా రాశాను. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. చెదిరిపోయిన వాళ్లు ఉంటున్న కాలనీలన్నీ నోటు పుస్తకం పట్టుకుని తిరిగారు. నేను మళ్లీ టైపు చేశాను, పైసా తీసుకోలేదు. అప్పటికి కొందరు ముసలివాళ్లు పోయారు. ఆ పుస్తకంలో పదకొండు ఇళ్ల దగ్గర ఇప్పటికీ పేరు లేదు, గీత ఒకటే ఉంది.

నీ కంప్యూటర్లో పోయాయనుకుంటున్న వాటిలో చాలావాటికి నకళ్లు ఎక్కడో ఒకచోట ఇవాళ్టికి బతికే ఉన్నాయి. రేపటికి ఉంటాయో లేదో. మీ నాన్న మిర్చి లెక్కలు రాసుకున్న ఎక్సెల్ ఫైళ్లు చిన్నవి, పూర్తిగా తాళంలోకి వెళ్లిపోయాయి, వాటి మీద నాకు పెద్దగా ఆశ లేదు. కానీ ఆ లెక్కలు ఇంకెక్కడ ఉన్నాయో ఆలోచించు. కమీషన్ ఏజెంటు ఇచ్చిన పట్టీలున్నాయి, కోల్డ్ స్టోరేజీ రసీదులున్నాయి, కూలీల మేస్త్రీ దగ్గర చిన్న పుస్తకం ఉంటుంది, ఎరువుల కొట్లో ఖాతా ఉంటుంది. వీళ్లని అడగాల్సింది మీ నాన్నే. నువ్వు దాచి, మీ నాన్న ఉగాది తర్వాత ఎప్పుడో ఫైలు తెరవబోయి చూస్తే, అప్పటికి ఆ చీటీలు ఏ పొయ్యిలోకి వెళ్లి ఉంటాయో. మీ అక్క పెళ్లి ఫొటోలు స్టూడియోవాళ్లు ఎల్లకాలం ఉంచరు, ఈ వారమే అడగాలి. వాట్సాప్‌లో చుట్టాలకి పంపినవి వాళ్లు ఫోన్లు మార్చేలోగా వెనక్కి రప్పించుకోవాలి. నీ ప్రాజెక్టు రిపోర్టు సంగతి మీ సార్‌కి మొహమాటపడకుండా చెప్పు, డిసెంబర్లో ఆయనకి మెయిల్ చేసిన ప్రతి ఆయన దగ్గరుంటుంది.

నాన్న కోప్పడతాడనేగా నీ భయం. కోప్పడతాడు. మిరపకి పోయినేడాది నల్లతామర పురుగు కొట్టి ఎంత నష్టపోయాడో నీకు తెలుసు, ఈ యేడు నాలుగు టిక్కీలు అమ్ముకుని వస్తున్నాడు, వచ్చీ రాగానే ఇది వింటే అరుస్తాడు. ఆ అరుపు ఒక పూట. నా తమ్ముణ్ణి నేను ఎరుగుదును. అతనికి కంప్యూటర్ రాకపోవచ్చు గానీ వైరస్ అంటే ఏమిటో మనిద్దరికన్నా బాగా తెలుసు. మిరప తోటలో ఆకు ముడుచుకుని మొక్క గిడసబారితే జెమిని వైరస్ అంటారు, తెల్లదోమ మోసుకొస్తుంది. అలాంటి మొక్క కనపడగానే రైతు ఏం చేస్తాడో నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు. మొక్క పీకి దూరంగా పారేస్తాడు, దోమ ఎటునుంచి వస్తోందో చూస్తాడు, పక్క చేనువాడికి కేకేసి చెబుతాడు. మొక్కని తిడుతూ కూర్చున్న రైతు లేడు. నువ్వు అదే భాషలో చెప్పు, ఆయనకి తేలిగ్గా అందుతుంది.

నీ ఒక్కదానికే ఇలా జరిగిందనీ అనుకోకు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని ఊపేసినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లే దాని వాత పడ్డాయి. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళంతోపాటు అప్పటి మన కృష్ణా జిల్లా పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అది దూరిన సందుని మూసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. దాని దూకుడు ఆపిన మార్కస్ హచిన్స్‌కి అప్పటికి ఇరవై రెండేళ్లు, ఇప్పటి నీకంటే రెండేళ్లే పెద్ద. వైరస్ లోపల ఒక వింత వెబ్ చిరునామా కనపడితే దాన్ని పది డాలర్లు పెట్టి తన పేరున కొన్నాడు. ఆ చిరునామా పలికితే చాలు, ఆ వైరస్ ఆగిపోయేట్టు రాసి ఉంది.

ఇక ఉచితం సంగతి. నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. మా తరంలో చిన్న ఊళ్లలో డీటీపీ నేర్చుకున్నవాళ్లలో నకలు సీడీ చెయ్యి తాకనివాళ్లు అరుదు, నా షాపు మొదలైందీ అలాంటి సీడీలతోనే. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు, తమ సాఫ్ట్‌వేర్‌కి దొంగ నకళ్లు తీస్తున్నారని, బ్రెయిన్ అనే వైరస్ రాశారు. పీసీల్లో తిరిగిన మొదటి వైరస్ అదేనంటారు. అందులో వాళ్ల పేర్లు, షాపు చిరునామా, ఫోన్ నంబరు రాసి పెట్టారు. ఇప్పటివాళ్లకి ఊరూ పేరూ ఉండదు, దొంగ నకలు మీద మన ఆశనే ఎరగా వేస్తున్నారు. వీడియో పనికి షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనేవి ఉన్నాయి, ఎవరి సొమ్మూ కాజెయ్యకుండా ఉచితంగా వాడుకోవచ్చు. ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ ఉంది. తెలుగు రాయడానికి మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లున్నాయి. ఇవన్నీ ఎవరు తయారు చేశారో వాళ్ల చోటు నుంచే దించుకోవాలి. ఏ ప్రోగ్రామైనా సరే, యాంటీవైరస్ ఆపితేనే వస్తానంటే, దాన్ని గుమ్మంలోంచే పంపెయ్.

మంగళవారం పొద్దున్నే నేను నందిగామ వస్తున్నాను. ఆ సీపీయూ లోంచి హార్డ్ డిస్కు విప్పి, గుడ్డలో చుట్టి, తేదీ రాసి నా బీరువాలో పెడతాను. వృథాగా పారెయ్యం. 2020 ఏప్రిల్‌లో షేడ్ అనే రాన్సమ్‌వేర్ నడిపినవాళ్లు వాళ్లంతట వాళ్లే ఏడున్నర లక్షల తాళంచెవులు బయటపెట్టేశారు. డిస్కు దాచుకున్నవాళ్లకి ఫైళ్లు వచ్చాయి, ఫార్మాట్ కొట్టినవాళ్లకి ఏమీ లేదు. మన చెవి కూడా ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. కంప్యూటర్‌కి కొత్త డిస్కు వేసి, విండోస్ మొదట్నుంచీ ఎక్కిద్దాం. ఇంకోటి చిన్నది కొని దాచుకోవడానికి వేరే పెడదాం. వారానికోసారి దానికి వైరు తగిలించి నకలు తీసి, వెంటనే పీకెయ్యాలి. తగిలించే ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. మా అమ్మ ఆవకాయ పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కించి, వాడకానికి చిన్న జాడీలోకి తీసుకునేది చూశావుగా, తడిచెయ్యి తగిలితే చిన్నదే పోవాలని. అలాగన్నమాట.

మీ నాన్నకి సంగతి చెప్పేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను. నోరు తెరవాల్సింది మాత్రం నువ్వే.

ఆఖరుగా ఒకటి. ఆ కంప్యూటర్లో "నానమ్మ కథలు" అన్న ఫోల్డర్ ఉంది, గుర్తుందా? అమ్మ పోయే ముందు ఏడాది మీ నాన్న కొన్న చిన్న రికార్డర్‌లో ఆమె తిరుపతమ్మ కథ మొత్తం చెప్పింది. ఎంపీత్రీ ఫైళ్లు. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. ఊరందరికీ నకళ్లు తీసిచ్చిన నేను అమ్మ గొంతుకి ఒక నకలు తీసుకోలేదు. రాత్రి నువ్వు ఏడుస్తుంటే నేను అడగలేకపోయాను గానీ, నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

అయితే ఈ వైరస్‌కి ఒక తొందర ఉంది. ఫైళ్లన్నీ త్వరగా ముగించాలని ప్రతి ఫైల్లోనూ మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేసి వదిలేస్తుంది. ఫొటోలకీ ఎక్సెల్‌కీ ఆ ముందు భాగమే ప్రాణం కాబట్టి అవి మొండికేస్తాయి. పాటల ఫైళ్ల తీరు వేరు. ఒక ప్రతి తీసుకుని చివర తోక తీసేస్తే, పాడైన ముందు ముక్క దాటాక మిగతాది పలికిన సందర్భాలు ఉన్నాయి. మన ఫైళ్లకి పోయేది సుమారు పది సెకన్లు. నేను వచ్చేదాకా నువ్వు ఆ ఫోల్డర్ ముట్టుకోకు.

మొదటి ఫైల్లో ఆ పది సెకన్లలో ఏముందో నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నేనే ఎదురుగా కూర్చున్నాను. అమ్మ రెండుసార్లు దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుని, రికార్డర్ వంక చూసి "ఇది పడుతోందంట్రా?" అని మీ నాన్నని అడిగింది. వాడు పడుతోందని తలూపాడు. కథ ఆ తర్వాతే మొదలైంది.

ఆశీస్సులతో,
మీ అత్త